సూత్రానికి వార్తికం: పద్మ, లేఖినుల కథ

వ్యాకరణం చదువుకున్నవారికి ఒక సంప్రదాయం పరిచితమే. పాణిని సూత్రాలు రచించాడు. అందులో చెప్పనివాటినీ, చాలనివాటినీ విచారించి కాత్యాయనుడు వార్తికాలు చేర్చాడు. ఆ రెంటినీ చర్చించి పతంజలి మహాభాష్యం వెలయించాడు. తెలుగులోనూ అంతే. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వెలువడగా, అందులో మిగిలిన విషయాలను పూరిస్తూ బహుజనపల్లి సీతారామాచార్యులు 1885లో త్రిలింగ లక్షణ శేషం ప్రకటించారు. మనం ప్రౌఢవ్యాకరణమనేది దానినే. మూలం అందరి కళ్ళెదుట ఉండబట్టే పూరణ సాధ్యమైంది.

కంప్యూటరు ప్రోగ్రాముకూ ఇటువంటి మూలపాఠం ఉంటుంది. దానిని సోర్సుకోడ్ అంటారు. వ్యాపార సంస్థలు చాలావరకు దానిని దాచి ఉంచుతాయి. అలా దాచరాదని రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ఉద్యమం ఆరంభించాడు. 1989లో వచ్చిన జీపీఎల్ అనే అనుమతిపత్రం సారాంశం ఇది: వాడుకో, చదువుకో, మార్చుకో, పంచిపెట్టు, మార్చినదానిని పంచితే ఇవే షరతులతో పంచు.

ఈ ధర్మం తెలుగుకు చేసిన మేలు చిన్నది కాదు. యూనికోడ్‌లో 1991 నుంచే తెలుగుకు స్థానమున్నా, 2000 ప్రాంతపు జాలపత్రికలు ఎవరి ఫాంటు వారు వాడుకునేవి. తలకట్టు, గుడి, ఒత్తు వంటి ముక్కలను రోమను అక్షరాల స్థానాల్లో అమర్చేవారు. ఆ ఫాంటు లేనిచోట తెరమీద పిచ్చిగీతలే మిగిలేవి. వెదుకులాటకు ఆ వార్తలు చిక్కేవి కావు.

2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు నాంది పలికిన వెన్న నాగార్జున గారే దీనికీ ఒక ఉపాయం కల్పించారు. అదే ఫైర్‌ఫాక్స్ విహారిణికి తగిలించుకునే 'పద్మ'. ఏ ఫాంటులో ఏ ముక్క ఎక్కడున్నదో చూపే పట్టికలు అందులో ఉన్నాయి. వాటి సాయంతో ముక్కలను అక్షరాలుగా కూర్చి యూనికోడ్‌లోకి మారుస్తుంది. నాగార్జున గారు ఆ మూలపాఠాన్ని జీపీఎల్ కింద విడుదల చేశారు. తరువాత తమిళం, మలయాళం వంటి భాషల ఫాంట్లూ అందులో చేరాయి.

ఆ పద్మ ఆధారంగానే 2006లో వీవెన్ గారు 'లేఖిని' రూపొందించారు. 1990లలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గార్లు కల్పించిన ఆర్టీయస్ పద్ధతిలో పైపెట్టెలో రోమను లిపిలో రాస్తే, కింది పెట్టెలో తెలుగు వచ్చేది. మనలో ఎందరికో అక్షరాభ్యాసం అక్కడే జరిగింది. పద్మ మూలపాఠం మూసి ఉంటే లేఖినికి ఆ పునాది దక్కేది కాదు.

2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ పాత పద్ధతి పొడిగింతలకు స్వస్తి చెప్పింది. అయినా పాత ఫాంట్లలో చిక్కుకున్న వ్యాసాలూ కథలూ ఇంకా ఉన్నాయి. వాటిని విడిపించదలచినవారు మొదటినుంచీ ఆరంభించనక్కరలేదు. ఆ పట్టికల జ్ఞానం మూలపాఠంలో ఉంది.

ఇటువంటి పని మొదలుపెట్టేవారు మూలపాఠంతోపాటు అనుమతిపత్రమూ, వాడే విధానమూ జతచేయాలి. ప్రతి మార్పు ఎవరు, ఎందుకు చేశారో నమోదు కావాలి. తోడ్పడేవారు ప్రతిని దించుకొని, సవరించి, ఆ తేడాను మాత్రమే పంపుతారు. నిర్వాహకుడు పరీక్షించి చేర్చుకుంటాడు. పరిష్కర్తలు పాఠాంతరాలు పరిశీలించినట్లే.

ప్రోగ్రాము రాయడం రానివారికీ ఇందులో పని ఉంది. అరసున్న, బండి ఱ, సంయుక్తాక్షరాలు సరిగా వస్తున్నాయో లేదో చెప్పవలసింది భాష తెలిసినవారే. తప్పు కనబడితే పదం, రావలసిన రూపం, వచ్చిన రూపం మూడూ రాసి పంపితే అదీ ఒక వార్తికమే. మా అనకాపల్లి బెల్లం పంచితే తరుగుతుంది. మూలపాఠం పంచినకొద్దీ పెరుగుతుంది. మిత్రులు తలా ఒక చేయి వేయాలని నా విన్నపం.