ఆకు అడుగున నల్ల పొలుసులు

1926లో ఇంగ్లండ్‌లోని ఎల్‌స్ట్రీ అనే ఊళ్లో టమాటా పండించే ఒకాయన కంట ఆకు అడుగున ఒక వింత పడింది. అక్కడ తెల్లదోమ పిల్లపురుగులు పొలుసుల్లా అతుక్కుని ఉండటం మామూలే. వాటిలో కొన్ని నల్లబడి ఉండటమే కొత్త. ఆ సంగతి చెషంట్ పరిశోధన కేంద్రంలో కీటకశాస్త్రవేత్తగా ఉన్న ఇ. ఆర్. స్పేయర్ దాకా వెళ్లింది. నల్ల పొలుసుల్లోంచి బయటికొచ్చినవి తెల్లదోమలు కావు, మిల్లీమీటరు పొడవైనా లేని కందిరీగ జాతి పురుగులు. వాటి శాస్త్రీయ నామం ఎన్‌కార్సియా ఫార్మోసా. గాజు ఇళ్ల సేద్యంలో తెగుళ్ల చరిత్ర అంటే ఏ మందు తర్వాత ఏ మందు వచ్చిందని చెప్పుకోవడం మనకు అలవాటైంది. నేను దాన్ని మరోలా చదువుతాను. జబ్బును ఆ ఇంటి వేడితో, తడితో, మట్టితో కలిపి చూసినప్పుడు నివారణ నిలిచింది. పురుగు ఒక్కదాన్నే విడదీసి చంపబోయినప్పుడు అది తిరిగొచ్చింది.

లండన్‌కు ఉత్తరాన ఉన్న లీ లోయ ఈ చరిత్రకు పుట్టిల్లు లాంటిది. 1845లో బ్రిటన్ గాజు మీద పన్ను ఎత్తేశాక అద్దాల కప్పులు చవకయ్యాయి. బాయిలర్లకు బొగ్గు ఉంది, పక్కనే లండన్ మార్కెట్ ఉంది. చూస్తుండగానే ఆ లోయంతా టమాటా, దోస పండే గాజుశాలలతో నిండిపోయింది. అయితే చలిని బయట ఆపిన గోడే వానను, పురుగుల్ని తినే పురుగుల్ని కూడా బయటే ఆపింది. లోపల ఏడాది పొడవునా ఒకటే ఋతువు, ఒకటే పైరు, అదే మట్టి. తెల్లదోమకు 1856లోనే వెస్ట్‌వుడ్ పెట్టిన లాటిన్ పేరులోని వేపొరేరియోరమ్ అనే మాటకు వేడి ఇళ్లకు చెందినదని అర్థం. పురుగు పేరులోనే దాని చిరునామా ఉందన్నమాట. కొన్నేళ్లు గడిచేసరికి మట్టికే జబ్బు చేసినట్టు దిగుబడి పడిపోయేది. పాత మట్టి తవ్వి పోసి, కొత్త మట్టి బండ్లతో తోలించుకునేవారు. రోథమ్‌స్టెడ్‌లో ఇ. జె. రసెల్ బృందం ఆ మట్టికి ఆవిరి పట్టిస్తే మళ్లీ పండుతుందని చూపించింది. మేలు చేసే బాక్టీరియాను ప్రోటోజోవాలు తినేయడమే రోగ కారణమని ఆయన ఇచ్చిన వివరణ తర్వాత నిలవలేదు. ఆవిరి పట్టే పద్ధతి మాత్రం నిలిచింది, ఎందుకంటే ఆయన వెతికింది మొక్కలో కాదు, మట్టిలో.

మొదటి ప్రపంచయుద్ధానికి కాస్త ముందు ఆ లోయ రైతులే పూనుకుని చెషంట్‌లో పరిశోధన కేంద్రం పెట్టించుకున్నారు. అక్కడ డబ్ల్యు. ఎఫ్. బ్యూలీ చేసిన పనిలో నారుకుళ్లు మందు పేరే జనానికి ఎక్కువ తెలుసు. అది మైలుతుత్తం 2 పాళ్లు, అమోనియం కార్బొనేట్ 11 పాళ్లు కలిపిన చెషంట్ మిశ్రమం. నా దృష్టిలో అంతకన్నా గొప్పది టమాటా 'నిద్ర జబ్బు' మీద 1922లో ఆయన ప్రచురించిన పరిశోధన. మధ్యాహ్నం మొక్క తల వాల్చేస్తుంది, సాయంత్రానికి లేస్తుంది, కొన్నాళ్లకు ఇక లేవదు. చూసినవాడెవడైనా నీళ్లు చాలలేదనుకుంటాడు, ఇంకో బిందె పోస్తాడు. కాండాన్ని మొదలు దగ్గర కోసి చూస్తే నీరు మోసే నాళాలు గోధుమ రంగుకు తిరిగి ఉంటాయి. వాటిలో ఉన్నది వెర్టిసిలియం అనే శిలీంధ్రం, దానికి చల్లదనం ఇష్టం. ఇంటి వేడిని సగటున 25 డిగ్రీల సెల్సియస్ దాకా పెంచి, పైన కాస్త నీడ పట్టి, వేళ్లకు నీళ్లు తగ్గిస్తే జబ్బు పడ్డ మొక్కలు కోలుకున్నాయి. మందు చుక్క పడలేదు. అలాగని వాడిన ప్రతి మొక్కకూ వేడి పెంచితే కొంప మునుగుతుంది. అచ్చం ఇలాగే వాడ్చే ఫ్యుసేరియం శిలీంధ్రం 28 డిగ్రీల దగ్గర విజృంభిస్తుంది. వేరుకుళ్లుకు, నులిపురుగులకు, ఎక్కువైన నీటికి కూడా మొక్క తల వాల్చే తీరు ఒకటే. కాండం కోసి, మొక్క పీకి వేళ్లు చూడకుండా రోగం పేరు చెప్పడం కుదరదని ఆ రెండు శిలీంధ్రాలే చాటుతున్నాయి.

తెల్లదోమ సంగతికి వస్తే, స్పేయర్‌కు ముందు దానికి సయనైడ్ పొగ పెట్టేవారు. ఆ పొగ మనిషి ప్రాణానికే ముప్పు. తడి ఆరని ఆకులు మాడిపోయేవి, గుడ్లు మాత్రం మిగిలేవి. ఎన్‌కార్సియా తెల్లదోమ పిల్లపురుగులోనే గుడ్డు పెడుతుంది. లోపలి పిల్ల దాన్ని తింటూ పెరిగేకొద్దీ పొలుసు నల్లబడుతుంది. మన వ్యవసాయ శాస్త్రవేత్తలు ఇలాంటి వాటిని బదనికలంటారు. చెట్టు మీద పెరిగి చెట్టునే పీల్చే బదనికను ఎరిగిన రైతుకు ఇంతకన్నా తేలిక మాట దొరకదు. ఇవి దాదాపు అన్నీ ఆడవే, మగ తోడు లేకుండానే సంతానం పెడతాయి. కొద్దికాలంలోనే చెషంట్ నుంచి ఏటా 15 లక్షల బదనికలు సుమారు 800 నర్సరీలకు వెళ్లేవి. కెనడాకు, ఆస్ట్రేలియాకు కూడా పంపారు. ఇల్లు చల్లబడితే అవి సరిగా ఎగరలేవు కనుక, వాటిని తెచ్చుకున్న రైతు ఉష్ణోగ్రత మీదా కన్నేసి ఉంచక తప్పేది కాదు.

ఇంత బాగా పనిచేస్తే 1949లో ఆ పంపిణీ ఎందుకు ఆగిపోయిందని అడగవచ్చు. డీడీటీ వచ్చింది, అంతే. చవక, వేగం, ఎవరైనా కొట్టగలరు. ఆనాటి రైతుల్ని తప్పుపట్టడం న్యాయం కాదు. బదనిక పట్టు సాధించడానికి వారాలు పడుతుంది, ఆలోగా ఆకుల మీద తేనెబంక కారి మసి కమ్ముతుంది. ఆగలేకపోవడం మానవ సహజం. కానీ తర్వాతేమైంది? డీడీటీ ఎర్రనల్లిని చంపదు, దాన్ని తినే పురుగుల్ని చంపుతుంది. నల్లి కోసం మరో మందు తెచ్చారు, నల్లి దానికీ అలవాటుపడింది. 1950ల చివర్లో చిలీ నుంచి జర్మనీ వచ్చిన ఆర్కిడ్ మొక్కలతో ఫైటోసియులస్ అనే వేటనల్లి అనుకోకుండా దిగింది. ఎర్రనల్లే దాని ఆహారం. 1967లో నెదర్లాండ్స్‌లో యాన్ కాపర్ట్ అనే దోస రైతు, మందులు తన ఒంటికి పడక, దీన్ని పెంచి అమ్మడం మొదలుపెట్టాడు. నల్లికి వేటనల్లిని వదిలాక తెల్లదోమకు మందు కొట్టే వీల్లేదు, కొడితే వేటనల్లి పోతుంది. అలా మూలన పడ్డ ఎన్‌కార్సియా మళ్లీ అక్కరకొచ్చింది. 1980ల చివర టమాటా పూలకు పరాగం పట్టించడానికి బంబుల్ తేనెటీగలు గాజుశాలల్లోకి వచ్చాక విషపు మందులకు చోటు ఇంకా తగ్గింది.

మూసిన ఇంట్లో సాగింది ఆరుబయట సాగుతుందా అన్నది ఇంకో అభ్యంతరం, ఇది బరువైనదే. బయట వదిలిన బదనిక మన చేలోనే ఉండాలని లేదు. అయినా దానికి జవాబు మన జిల్లాలే చెబుతాయి. 1980ల నడుమ గుంటూరు, ప్రకాశం పత్తి చేలలో శనగపచ్చపురుగు కోసం పైరెత్రాయిడ్ మందులు మోతాదు మించి కొట్టాక వేరే జాతి తెల్లదోమ విరుచుకుపడింది, రైతుల ప్రాణాలు తీసిన అప్పుల్లో దాని వాటా ఉంది. 2016లో తమిళనాడులో బయటపడి గోదావరి జిల్లాల కొబ్బరికి పాకిన సర్పిలాకార తెల్లదోమ విషయంలో దారి మారింది. ఎన్‌కార్సియా గ్వాడెలూపే అనే బదనిక దాని వెంటే కనిపించింది. ఎల్‌స్ట్రీలో దొరికిన పురుగుకు ఇది ప్రజాతి బంధువే. పురుగుమందు కొట్టవద్దని, బదనికను కాపాడుకోమని శాస్త్రవేత్తలు చెప్పారు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం తెల్లదోమను చంపే ఐసేరియా శిలీంధ్రాన్ని రైతులకు అందించింది.

ఇప్పుడు చేవెళ్ల, మొయినాబాద్ వైపు పాలీహౌస్‌లలో జెర్బెరా, క్యాప్సికం వేళ్లకు నులిపురుగుల బుడిపెలు లేస్తుంటే నాకు లీ లోయ జబ్బు మట్టే గుర్తొస్తుంది. ఆవిరికి బాయిలర్ మనకు లేదు, ఎండ ఉంది. తడిపిన నేల మీద పారదర్శకమైన పాలిథిన్ పరిచి, నడి వేసవిలో నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచితే మట్టిలోని వెర్టిసిలియం లాంటి శిలీంధ్రాలు అణగుతాయని 1976లోనే ఇజ్రాయెల్ శాస్త్రవేత్త కాటన్ బృందం ప్రకటించింది. నులిపురుగుల్ని అది పూర్తిగా తుడిచిపెట్టదు, తగ్గిస్తుంది. పైరు మారుస్తూ, వేపపిండి వేస్తూ ఆ తగ్గుదలను నిలబెట్టుకోవాలి. పాలీహౌస్ రైతులకు నా మనవి: తెల్లదోమ కోసం మందు డబ్బా మూత తీసే ముందు కింది ఆకు ఒకటి తిరగేసి భూతద్దంతో చూడండి. ఖాళీ పొలుసు మీద చీలిక ఉంటే అందులోంచి తెల్లదోమ వెళ్లింది. గుండ్రటి చిల్లు ఉంటే బదనిక వెళ్లింది. గుండ్రటి చిల్లులతో పాటు నల్లబడ్డ పొలుసులూ ఉన్న ఆకుల్ని కోసినా వెంటనే తగలబెట్టకండి, కొన్ని రోజులు పాలీహౌస్‌లోనే ఉంచండి.