సుబ్బారావు గారి మందులు – సిస్టరమ్మ చెప్పే మాట

పింఛనుతో పాటు మందుల సంచీ కూడా మన వెంట వస్తుంది. అందుకని ఈ ప్రత్యేక సంచికలో మందుల చరిత్ర నుంచి ఒక భాగాన్ని మిత్రుల ముందుంచుతున్నాను. ఇందులో ప్రధాన పురుషుడు మన తెలుగువాడే.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్లి, 1940 నుంచి లెడర్లీ పరిశోధనశాలలో పనిచేశారు. తిన్నది ఒంటబట్టనివ్వని స్ప్రూ జబ్బుకు ఆయన సోదరులిద్దరు బలయ్యారు. ఆ జబ్బుకు పనికివచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందం 1945 నాటికి తయారు చేయగలిగింది. ఆ తరువాత బోదకాలుకు హెట్రజాన్ వచ్చింది. ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డగించే మందులు కూడా అక్కడే పుట్టాయి. వాటిలో ఒకదానితో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు కొంతకాలమైనా ఉపశమనం కలిగించి, 1948లో ప్రకటించారు. అదే కోవకు చెందినది మెథోట్రెక్సేట్. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు గారు 53వ ఏట కన్నుమూశారు.

ఈ మందుల్లో రెండింటిని మన ఇళ్లకు చేర్చిన పద్ధతులు వేరు. మన దేశంలో 2004 నుంచి బోదకాలు ఉన్న జిల్లాల్లో మందును సామూహికంగా ఇచ్చారు. ఆరోగ్య కార్యకర్త ఇంటికి వచ్చి వయసు అడుగుతుంది. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్ర జబ్బుతో ఉన్నవారికి ఇవ్వదు. మిగిలినవారు అన్నం తిన్నాక తన ఎదుటే మింగాలంటుంది. అక్కడ పొరపాటుకు చోటు తక్కువ.

మెథోట్రెక్సేట్ సంగతి అలా కాదు. 1988లో అమెరికా దీన్ని కీళ్లవాతానికి అనుమతించింది. ఈ జబ్బుకు దీన్ని వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. కాని మనకు బీపీ, షుగరు మాత్రలు రోజూ వేసుకునే అలవాటు. పైగా దీనితో ఇచ్చే ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా పసుపుపచ్చగానే ఉండటం కద్దు. చీటీ ఇంగ్లీషులో ఉంటుంది. పొరపాటున రోజూ వేసుకుంటే నోరు పూస్తుంది, ఎముక మజ్జలో రక్తం తయారీ కుంటుపడుతుంది. ప్రాణాలు పోయిన ఉదంతాలు అనేక దేశాల్లో నమోదయ్యాయి. 2019లో ఐరోపా మందుల సంస్థ, పెట్టెపై హెచ్చరిక ఉండాలని, రోగికి ఒక కార్డు ఇవ్వాలని సూచించింది.

సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన వేళ అనే ఐదు సూత్రాలు నర్సులకు పాఠంగా చెబుతారు. వార్డులో వాటిని పాటించేది సిస్టరమ్మ. ఇంటికి వచ్చాక ఆ ఐదూ మన నెత్తినే పడతాయి. కనుక నేర్పి పంపడం కూడా మందు ఇవ్వడంలో భాగమే.

మా కుసుమంచి వైపు ఒక విశ్రాంత ఉపాధ్యాయుడికి ఈ మాత్ర రాశారు. మందులిచ్చేటప్పుడు అక్కడి సిస్టరమ్మ "అర్థమైందా?" అని ఊరుకోలేదు. "సారూ, ఈ గోళీ ఎప్పుడేసుకుంటరో మీరే చెప్పండి" అంది. "రోజూ రాత్రి, బీపీ గోళీతోనే గదమ్మా" అన్నాడాయన. ఆమె భార్యను కూడా దగ్గర కూర్చోబెట్టి, అంగడి రోజు మాత్రమే అని నిర్ణయించి, క్యాలెండరులో గుర్తు పెట్టించింది. ఆ ఒక్క ప్రశ్న ఆయన్ని కాపాడింది. ఫైలు మీద 'చూసితిని' అని సంతకం పెట్టినంత మాత్రాన చదివినట్లు కాదని గుమాస్తాలకు వేరే చెప్పాలా?

మిత్రులకు నా మనవి. ఈ మందు వాడేవారు భయపడి మానవద్దు. వారం పేరును తెలుగులో పెట్టెపై రాయించుకోండి. రక్త పరీక్షలు తప్పించవద్దు. నోటిపూత, జ్వరం, కమిలిన మచ్చలు కనిపిస్తే వెంటనే వైద్యుని కలవండి. సెప్ట్రాన్ వంటి మాత్రలు, నొప్పి మాత్రలు సొంతంగా కొనవద్దు.

2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మందుల వల్ల హాని తగ్గించాలని దేశాలన్నిటికీ పిలుపునిచ్చింది. మన సంఘం ఒక నెల సమావేశానికి సిస్టరమ్మను ఆహ్వానించి, సభ్యులు తమ మందుల సంచులతో, భార్యాభర్తలిద్దరూ వచ్చేలా ఏర్పాటు చేయవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను.