ఉప్పు, కరెంటు, ఒక నాసిరకం గ్రేడు

పొడి ఉప్పులోంచి కరెంటు పోదు. స్వచ్ఛమైన నీళ్ళలోంచీ దాదాపు పోదు. రెండూ కలిపితే మాత్రం భేషుగ్గా పోతుంది! పంచదార కలిపి చూడండి, ఊహూఁ. రెండూ తెల్లనివే, రెండూ కరిగేవే. మరి ఎందుకీ పక్షపాతం?

కరెంటే ఉప్పుని అయాన్లుగా విడగొడుతుందని ఫారడే కాలం నుంచీ ఉన్న అభిప్రాయం. స్వాంటే అర్హీనియస్ అనే స్వీడన్ కుర్రాడు ద్రావణాల వాహకత ఓపిగ్గా కొలిచి, 1884లో ఉప్సాలా యూనివర్సిటీకి థీసిస్ ఇచ్చాడు. అందులోని ఆలోచనే 1887కి స్పష్టమైన సిద్ధాంతమైంది: కరెంటు పెట్టకముందే, నీళ్ళలో పడగానే ఉప్పు అయాన్లుగా విడిపోతుంది.

థీసిస్‌కి ఉప్సాలా పెద్దలు ఇచ్చింది నాలుగో తరగతి గ్రేడు. వాదించుకున్నాక మూడో తరగతి. ఈ రేటింగుతో అక్కడ పాఠాలు చెప్పే ఉద్యోగం రావడం కూడా కష్టమే. అప్రైజల్ బాధితులకి విడమరిచి చెప్పక్కర్లేదు కదా! అదృష్టం కొద్దీ కాపీ అందుకున్న ఆస్ట్వాల్డ్, రీగా నుంచి పనిగట్టుకుని వచ్చి కుర్రాణ్ణి కలిశాడు, తన దగ్గర ఉద్యోగం ఇస్తానన్నాడు. అప్పుడుగానీ ఉప్సాలా వాళ్ళు మెత్తబడలేదు.

సిద్ధాంతం మీద అభ్యంతరం తీసిపారేసేదేం కాదు. సోడియం నీళ్ళలో పడితే భగ్గుమంటుంది, క్లోరిన్ విషవాయువు. ఉప్పునీళ్ళలో అవి విడివిడిగా ఎలా ఉంటాయి? జవాబేంటంటే, ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న సోడియం వేరు, మామూలు సోడియం వేరు. కానీ ఎలక్ట్రాన్‌ని కనిపెట్టిందే 1897లో! కారణం దొరక్కముందే కొలతల్ని నమ్మాడన్నమాట. 1903లో నోబెల్ వచ్చింది.

1913లో బ్రాగ్ తండ్రీకొడుకులు ఎక్స్‌రేలతో చూస్తే ఇంకో సంగతి తేలింది. ఉప్పు స్ఫటికంలో సోడియం–క్లోరిన్ జంటలే లేవు, ప్రతి సోడియం చుట్టూ ఆరు క్లోరిన్లు. అంటే పొడి ఉప్పులోనూ ఉన్నవి అయాన్లే, కాకపోతే కదల్లేవు. నీళ్ళు పోసినా, 801 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగించినా వాటికి కాళ్ళొస్తాయి. పంచదార అణువులో పరమాణువులు ఎలక్ట్రాన్లని పంచుకుని కూర్చుంటాయి. కరిగినా అణువు అణువుగానే ఉంటుంది, మోయడానికి ఆవేశమే లేదు.

ఇంత జరిగాక కూడా, 1927లో ఆర్మ్‌స్ట్రాంగ్ అనే పెద్ద కెమిస్టు ఈ చదరంగం బల్ల అమరికని ఎద్దేవా చేస్తూ 'నేచర్' పత్రికకి ఉత్తరం రాశాడు. అర్హీనియస్ పోయింది కూడా ఆ ఏడాదే. కామన్ సెన్స్ మంచిదే, కానీ మీటరు రీడింగు వేరే మాట చెప్తుంటే సర్దుకోవాల్సింది కామన్ సెన్సే.