వ్యాయామ కేలరీల భర్తీ

వ్యాయామ కేలరీల భర్తీ అంటే, బరువు తగ్గాలని ఆహారం తగ్గించుకున్నవారు వ్యాయామంలో ఖర్చయిన శక్తికి బదులుగా అదే రోజు మరికొంత తినడం. గంట నడకకు 300 కేలరీలు ఖర్చయ్యాయని చేతి గడియారం చూపిస్తే, ఆ 300 కేలరీలు మళ్లీ తినవచ్చా అన్నది ఇందులోని ప్రశ్న. రోజువారీ ఆహార లక్ష్యాన్ని ఏ పద్ధతిలో లెక్కగట్టారు, వ్యాయామం ఎంతసేపు, ఎంత తీవ్రంగా సాగింది, చేసేవారి ఆరోగ్య పరిస్థితి ఏమిటి అన్న వాటిని బట్టి జవాబు మారుతుంది. స్థూలంగా చూస్తే, రోజూ అరగంట నుంచి గంట దాకా నడిచేవారికీ, తేలికపాటి యోగా చేసేవారికీ అదనపు ఆహారం అక్కర్లేదు. సుదీర్ఘ పరుగు, సైక్లింగ్, కఠిన క్రీడాశిక్షణ ఉన్నవారు, కొన్ని రకాల మధుమేహ మందులు వాడేవారు మాత్రం వ్యాయామాన్ని బట్టి ఆహారాన్ని సర్దుకోవలసి ఉంటుంది.

నేపథ్యం

ఆహారాన్ని, శ్రమను ఒకే కొలమానంతో లెక్కించే పద్ధతి 19వ శతాబ్ది చివర్లో స్థిరపడింది. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం, మిడిల్‌టౌన్‌లో ఉన్న వెస్లియన్ విశ్వవిద్యాలయంలో విల్బర్ అట్‌వాటర్, భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ రోజా కలిసి, మనిషి లోపలే ఉండి రోజులు గడపగలిగే గదిలాంటి ఉష్ణమాపకాన్ని నిర్మించారు. తిన్న ఆహారం నుంచి వచ్చే శక్తికి, శరీరం ఖర్చు చేసే శక్తికి పొంతన కుదురుతుందని అందులో చేసిన ప్రయోగాలు చూపాయి. పిండిపదార్థాలు, ప్రొటీన్ల నుంచి గ్రాముకు 4 చొప్పున, కొవ్వు నుంచి గ్రాముకు 9 చొప్పున కేలరీలు వస్తాయన్న నేటి లెక్కకు అట్‌వాటర్ పరిశోధనలే ఆధారం. వాడుకలో కేలరీ అని పిలిచేది నిజానికి కిలోకేలరీ. ఇది 4.184 కిలోజౌళ్లకు సమానం.

1958లో మాక్స్ విష్నోఫ్‌స్కీ అనే అమెరికన్ వైద్యుడు ఒక పౌను బరువు తగ్గడానికి 3,500 కేలరీల లోటు కావాలని లెక్కగట్టారు. కిలోకు ఇది సుమారు 7,700 అవుతుంది. ఈ లెక్కన రోజుకు 300 కేలరీలు ఖర్చు చేస్తే 26 రోజులకు కిలో తగ్గాలి. ఆచరణలో అంత తగ్గడం అరుదు. శరీరం తేలికయ్యేకొద్దీ దానికి కావలసిన శక్తి కూడా తగ్గుతుంది. అందుకే లోటు అలాగే ఉన్నట్టు కనిపించినా బరువు తగ్గే వేగం మందగిస్తుంది. అప్పట్లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో పనిచేసిన కెవిన్ హాల్ బృందం 2011లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన గణిత నమూనా ఈ మార్పును లెక్కలోకి తెచ్చింది.

రెండు లెక్కింపు పద్ధతులు

భర్తీ విషయంలో గందరగోళానికి ప్రధాన కారణం, రోజువారీ లక్ష్యాన్ని నిర్ణయించే పద్ధతులు రెండు ఉండటం. మొదటి పద్ధతిలో విశ్రాంతి శక్తివ్యయానికి ఇంటి పని, ఆఫీసు పని వంటి మామూలు కదలికలను మాత్రమే కలుపుతారు. వ్యాయామం ఆ లెక్కలో ఉండదు కాబట్టి, చేసిన రోజు దాన్ని విడిగా కలుపుతారు. మైఫిట్‌నెస్‌పాల్ వంటి యాప్‌లు ఈ దారిలోనే నడుస్తాయి. రెండో పద్ధతిలో వారం మొత్తం మీద చేసే వ్యాయామాన్ని ముందే ఒక గుణకంగా చేర్చి సగటు ఖర్చును తేలుస్తారు. ఇందులో వ్యాయామానికంటూ మళ్లీ కలపవలసింది ఏమీ మిగలదు.

ఉదాహరణకు 38 ఏళ్లు, 158 సెంటీమీటర్ల ఎత్తు, 70 కిలోల బరువున్న మహిళను తీసుకుంటే, 1990లో వెలువడిన మిఫ్లిన్-సెయింట్ జియోర్ సూత్రం ప్రకారం ఆమె విశ్రాంతి వ్యయం రోజుకు సుమారు 1,337 కేలరీలు. కూర్చుని పనిచేసేవారి గుణకం 1.2తో హెచ్చిస్తే 1,604 వస్తుంది. ఆమె రోజూ గంటసేపు చురుగ్గా నడిస్తే దానికి నికరంగా సుమారు 231 కేలరీలు చేరి, మొత్తం 1,835 అవుతుంది. రెండో పద్ధతిలో తేలికపాటి వ్యాయామం చేసేవారి గుణకం 1.375 వాడితే 1,838 వస్తుంది. అంటే రెండు దారులూ ఇంచుమించు ఒకేచోటికి చేరుతున్నాయి.

చిక్కు ఈ రెండింటినీ కలిపేసినప్పుడు వస్తుంది. పై మహిళ 1,838 నుంచి 500 తగ్గించి రోజుకు 1,338 కేలరీల లక్ష్యం పెట్టుకుని, నడకకు గడియారం చూపిన 301 కేలరీలను కూడా తింటే, అసలు లోటు 199కి పడిపోతుంది. నడకను ఆమె రెండుసార్లు లెక్కించినట్టయింది. కొలిచి తింటున్నా బరువు తగ్గట్లేదనే చాలామంది విషయంలో ముందుగా చూడవలసింది ఈ జంట లెక్కనే.

ఖర్చును ఎక్కువగా చూపే కొలతలు

వ్యాయామ తీవ్రతను మెట్ అనే ప్రమాణంతో కొలుస్తారు. కదలకుండా కూర్చున్నప్పుడు అయ్యే ఖర్చు ఒక మెట్. అంటే కిలో బరువుకు గంటకు సుమారు ఒక కేలరీ. వివిధ పనుల మెట్ విలువలతో తయారైన పట్టిక మొదట 1993లో వెలువడింది, తర్వాత పలుమార్లు సవరించారు. గంటకు 5.6 కిలోమీటర్ల వేగంతో నడకకు 4.3 మెట్లు, హఠయోగానికి 2.5 మెట్లు దాని 2011 సవరణలో ఉన్నాయి.

70 కిలోల వ్యక్తి ఆ వేగంతో గంట నడిస్తే 4.3ను 70తో హెచ్చించగా 301 కేలరీలు వస్తాయి. అయితే ఆ గంట ఊరికే కూర్చున్నా 70 కేలరీలు ఎలాగూ ఖర్చయ్యేవే. అవి రోజువారీ లెక్కలో ముందే ఉన్నాయి. నడక వల్ల అదనంగా అయిన ఖర్చు 231 మాత్రమే. వ్యాయామం ఎంత తేలికైతే ఈ తేడా నిష్పత్తి అంత పెద్దదవుతుంది. హఠయోగాన్నే తీసుకుంటే, మొత్తం 175లో నికర ఖర్చు 105.

చేతికి కట్టుకునే పరికరాలతో మరో ఇబ్బంది ఉంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ఏడు రకాల పరికరాలను 60 మందిపై పరీక్షించారు. గుండె వేగాన్ని చాలావరకు సరిగ్గానే చూపిన ఆ పరికరాలు, శక్తివ్యయం దగ్గర తడబడ్డాయి. ఉన్నవాటిలో మెరుగైనది సగటున 27 శాతం, అన్నిటికంటే వెనకబడినది 93 శాతం తప్పుగా చూపాయి.

శరీరం చేసుకునే సర్దుబాటు

నికర ఖర్చును కచ్చితంగా కొలవగలిగినా, అదంతా రోజు మొత్తం ఖర్చుకు చేరుతుందన్న హామీ లేదు. ప్రత్యేక ఐసోటోపులున్న నీటిని తాగించి, అవి శరీరం నుంచి బయటకు పోయే వేగాన్ని బట్టి శక్తివ్యయాన్ని కొలిచే పద్ధతితో హర్మన్ పాంట్జర్ బృందం టాంజానియాలోని హడ్జా తెగవారిని పరిశీలించింది. వేట, దుంపల సేకరణ మీద బతికే హడ్జాలు పాశ్చాత్య నగరవాసుల కన్నా ఎంతో ఎక్కువ తిరుగుతారు. శరీర పరిమాణాన్ని సరిచూసుకున్నాక, వారి రోజువారీ ఖర్చు నగరవాసుల ఖర్చు కన్నా ఎక్కువేమీ లేదని 2012లో వెలువడిన ఆ అధ్యయనం తెలిపింది. శ్రమ పెరిగినప్పుడు శరీరం ఇతర పనుల్లో పొదుపు చేస్తుందన్నది పాంట్జర్ ప్రతిపాదన. అనేక దేశాల కొలతలను కలిపి 2021లో చేసిన విశ్లేషణ, శ్రమ వల్ల పెరిగిన ఖర్చులో సగటున 28 శాతాన్ని శరీరం ఇలా మరోచోట తగ్గించుకుంటోందని అంచనా వేసింది. ఈ పొదుపు ఎంత, ఏ పరిస్థితుల్లో జరుగుతుంది అన్న విషయంలో శాస్త్రవేత్తల మధ్య ఇంకా ఏకాభిప్రాయం లేదు. వ్యాయామం చేసిన రోజు మెట్లకు బదులు లిఫ్టు ఎక్కడం, మధ్యాహ్నం ఎక్కువసేపు పడుకోవడం వంటి మామూలు అలవాట్లు కూడా కొంత ఖర్చును తగ్గిస్తాయి.

ఆకలిది మరో పాత్ర. తీవ్రమైన వ్యాయామం ముగిసిన వెంటనే ఆకలిని పెంచే గ్రెలిన్ హార్మోను కాసేపు తగ్గుతుంది. అయితే వారాల తరబడి వ్యాయామం చేసేవారిలో చాలామంది తెలియకుండానే ఎక్కువ తింటారు. అమెరికాలోని పెన్నింగ్టన్ పరిశోధన కేంద్రంలో ఆరు నెలలు జరిపి, 2019లో ప్రచురించిన అధ్యయనంలో పాల్గొన్నవారు అంచనా కన్నా తక్కువ బరువు తగ్గారు. పెరిగిన తిండే అందుకు ముఖ్య కారణంగా తేలింది. మరో అమెరికన్ ప్రయోగంలో వారానికి ఐదు రోజులు, రోజుకు 400 లేదా 600 కేలరీల వ్యాయామాన్ని దగ్గరుండి చేయించారు. పది నెలలకు మొదటి బృందం సగటున 3.9 కిలోలు, రెండో బృందం 5.2 కిలోలు తగ్గాయి. ఖర్చులో సగం మేర తేడా ఉన్నా, ఫలితాల్లో గణాంకపరంగా చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఈ అంశంపై తొలి అధ్యయనాల్లో ఒకటి భారతదేశంలోనే జరిగింది. కలకత్తా సమీపంలోని చెంగైల్‌లో ఒక జనపనార మిల్లు కార్మికులపై జీన్ మేయర్ బృందం చేసిన పరిశీలన 1956లో వెలువడింది. తేలిక పని నుంచి బరువు పని దాకా, శ్రమను బట్టి తిండీ పెరిగింది. బరువులు మాత్రం పెద్దగా మారలేదు. కదలకుండా కూర్చుని చేసే కొలువుల్లో ఉన్నవారు తేలిక పనివారి కన్నా ఎక్కువే తింటున్నారు, ఎక్కువ బరువూ ఉన్నారు. అసలు కదలికే లేనప్పుడు ఆకలి అదుపు తప్పుతుందని, కొంత శ్రమ ఉంటే అది అవసరానికి తగ్గట్టు నడుస్తుందని మేయర్ వాదించారు.

అదనపు ఆహారం అవసరమైనవారు

గంటకు మించి సాగే పరుగు, సైక్లింగ్, ఈత వంటి వాటిలో కండరాల్లోని గ్లైకోజెన్ గణనీయంగా తరిగిపోతుంది. ఒకటి నుంచి రెండున్నర గంటల వ్యాయామంలో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థాలు తీసుకోవాలని క్రీడా పోషణ మార్గదర్శకాలు సూచిస్తాయి. మారథాన్‌కు తయారవుతూ బరువు తగ్గాలనుకునేవారు ఆ కోతను సుదీర్ఘ పరుగు రోజున కాకుండా, తేలికపాటి రోజుల్లో పెట్టుకోవడం మేలు.

తిన్న దాంట్లోంచి వ్యాయామ ఖర్చు తీసేయగా శరీర నిర్వహణకు మిగిలే శక్తిని, కొవ్వు మినహా శరీర బరువుతో భాగిస్తే వచ్చేది శక్తి లభ్యత. ఇది రోజుకు కిలోకు 30 కేలరీల కన్నా తగ్గి కొనసాగితే, ముఖ్యంగా మహిళల్లో నెలసరి తప్పడం, ఎముకలు బలహీనపడటం, తరచూ జబ్బుపడటం వంటి సమస్యలు వస్తాయి. కొవ్వు కాక 40 కిలోల బరువున్న క్రీడాకారిణి 1,700 కేలరీలు తిని, 600 కేలరీల శిక్షణ చేస్తే మిగిలేది 1,100. అంటే కిలోకు 27.5. ఆమె తప్పనిసరిగా ఎక్కువ తినాలి. ఈ స్థితిని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో క్రీడల్లో సాపేక్ష శక్తి లోపంగా నిర్వచించింది.

ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మందులు వాడేవారికి వ్యాయామంలో రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. వ్యాయామానికి ముందు అది డెసిలీటరుకు 90 మిల్లీగ్రాముల కన్నా తక్కువ ఉంటే ముందుగా కొంత పిండిపదార్థం తీసుకోవాలి. ప్రతిసారీ ఇలా తినవలసి వస్తుంటే, వైద్యుణ్ని అడిగి మందు మోతాదు సవరించుకోవడం మంచిది. లేకపోతే బరువు తగ్గే ప్రయత్నం అక్కడే ఆగిపోతుంది. ఎదిగే వయసు పిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు సొంతంగా కేలరీలు కోసుకోకూడదు.

భారతీయ ప్రమాణాలు, తెలుగు ఆహారం

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం, కూర్చుని పనిచేసే 65 కిలోల పురుషుడికి రోజుకు 2,110 కేలరీలు, ఒక మోస్తరు శ్రమ చేస్తే 2,710, కఠిన శ్రమ చేస్తే 3,470 కావాలి. 55 కిలోల స్త్రీకి ఇవి వరుసగా 1,660, 2,130, 2,720. ఈ అంకెల్లో రోజంతా చేసే శ్రమ కలిసే ఉంది. పొద్దంతా పొలంలో వంగి నాట్లు వేసే కూలీ శ్రమకూ, ఎనిమిది గంటలు కంప్యూటర్ ముందు కూర్చుని సాయంత్రం గంటసేపు జిమ్‌కు వెళ్లే ఉద్యోగి శ్రమకూ చాలా తేడా ఉంది. అలాంటి ఉద్యోగి కఠిన శ్రమ వర్గపు అంకెను తనకు అన్వయించుకుంటే వందల కేలరీలు ఎక్కువ తింటాడు.

తెలుగు వంటకాల్లో భర్తీ ఎంత తేలిగ్గా జరిగిపోతుందో నూనె, నెయ్యి లెక్క చెబుతుంది. ఒక టేబుల్ స్పూను నూనెలో సుమారు 120, టీస్పూను నెయ్యిలో సుమారు 45, టీస్పూను చక్కెరలో 20 కేలరీలు ఉంటాయి. గంట నడకలో నికరంగా ఖర్చయిన 231 కేలరీలు రెండు టేబుల్ స్పూన్ల నూనెతో తిరిగి వచ్చేస్తాయి. ఉదయపు నడక ముగించి దారిలో టిఫిన్ సెంటర్ దగ్గర నెయ్యి దోసె, పల్లీ చట్నీ, చక్కెర వేసిన టీ తీసుకుంటే ఖర్చు కన్నా రాబడే ఎక్కువ కావచ్చు.

ఆచరణలో

అదనంగా తినవలసి వచ్చినవారు ముందు ప్రొటీన్ చూసుకోవాలి. మామూలు పెద్దలకు కిలో బరువుకు 0.83 గ్రాములు చాలని భారతీయ ప్రమాణం. బరువు తగ్గుతూ కండరాన్ని నిలుపుకోవాలనుకునే ఆరోగ్యవంతులకు 1.2 నుంచి 1.6 గ్రాముల దాకా సూచిస్తారు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఇది వర్తించదు. గుడ్లు, పెరుగు, పప్పులు, చేపలు, కోడిమాంసం ఇందుకు పనికొస్తాయి. అరగంట నడకకు పళ్లరసాలు, శక్తి పానీయాలు అక్కర్లేదు, మంచినీళ్లు చాలు.

వ్యాయామాన్ని విడిగా కలిపే పద్ధతి పాటించేవారికి, పరికరం చూపిన అంకెలో సగానికి మించి తినవద్దన్న సూత్రం వాడుకలో ఉంది. మొత్తానికీ, నికరానికీ మధ్య తేడా, శరీరపు పొదుపు రెండూ ఆ అంకెను కిందికే లాగుతాయి, పరికరం పొరపాటు ఎటువైపైనా ఉండవచ్చు కాబట్టి ఈ సూత్రం సహేతుకమే. ఏ పద్ధతి ఎంచుకున్నా మూడు, నాలుగు వారాల సగటు బరువే దాన్ని తేల్చాలి. వ్యాయామం మొదలుపెట్టిన తొలి వారాల్లో కండరాలు గ్లైకోజెన్‌ను, దానితోపాటు గ్రాముకు సుమారు మూడు గ్రాముల నీటిని నిల్వ చేసుకోవడం వల్ల బరువు కాస్త పెరగవచ్చు. ఆ తర్వాత వారాల సగటు కదలకపోతే భర్తీ ఎక్కువైనట్టు. బరువు మరీ వేగంగా పడిపోతూ నీరసం, నిద్రలేమి, నెలసరి తేడాలు కనిపిస్తే భర్తీ తక్కువైనట్టు.