కొడతామని బెదిరించడం వేరు, రానీకపోవడం వేరు

మా దొరవారిసత్రం మండలంలో నేలపట్టు చెరువు ఉండాది. వానలు పడి చెరువు నిండితే గూడబాతులు వచ్చి నీళ్లలో నిలబడిన చెట్ల మీద గూళ్లు కడతాయి. ఆ గుడ్ల కోసం నక్క రావాలంటే నీళ్లలో ఈదాల, తర్వాత చెట్టెక్కాల. అంత అగచాట్లు పడే బదులు ఇంకో చోటు చూసుకుంటాది. గూడబాతు దాన్ని కరిచిందీ లేదు, తరిమిందీ లేదు. వచ్చినా పని జరగదని దానికే అర్థమైపోయింది.

దేశ రక్షణలో ఈ ఉపాయానికి డిటరెన్స్ బై డినయల్ అని పేరు. దాడి చేసినా ఫలితం దక్కదని శత్రువుకి ముందే తెలిసేట్టు చేసి, అసలు రాకుండా ఆపడం. ఇంకో రకం ఉండాది, డిటరెన్స్ బై పనిష్‌మెంట్. నువ్వు ఒకటి కొడితే నేను పది కొడతా అని భయపెట్టి ఆపడం. ఈ రెండింటినీ విడదీసి చూపించింది గ్లెన్ స్నైడర్ అనే అమెరికా పండితుడు. 1961లో ఆయన రాసిన పుస్తకం ఈ చర్చకి పునాది.

మన ఆంధ్రా తీరంలో రెండూ కనపడతాయి. విశాఖలో కట్టిన అణు జలాంతర్గామి అరిహంత్ బెదిరింపు రకం. అణుబాంబు మేం ముందు వెయ్యం, మా మీద వేస్తే మాత్రం కోలుకోలేనట్టు కొడతాం అని 2003లో భారత ప్రభుత్వం ప్రకటించింది. ఆ మాటకి పూచీ ఆ జలాంతర్గామి.

మన పక్కనున్న శ్రీహరికోటకి కావాల్సింది మొదటి రకం. 1971 నుంచి రాకెట్లు ఎగురుతున్న ఆ దీవికి ఒక పక్క సముద్రం, ఇంకో పక్క పులికాట్. లోపల సీఐఎస్ఎఫ్, సముద్రంలో కోస్ట్‌గార్డు, ఒడ్డున మెరైన్ పోలీసులు. ఇంత కాపలా ఎందుకంటే, చావడానికే బయల్దేరినోడిని శిక్షతో భయపెట్టలేం గనక.

ఇది 2008 నవంబర్ 26న ముంబైలో తేలిపోయింది. కరాచీ నుంచి 10 మంది బయల్దేరినారు. దారిలో పోరుబందరు చేపల బోటు కుబేర్‌ని పట్టుకుని, దాంట్లో పనిచేసే మనుషుల్ని చంపేసినారు. చివరికి రబ్బరు పడవలో కొలాబా మత్స్యకారుల కాలనీ కాడ దిగినారు. 166 మంది ప్రాణాలు పోయినాయి. ఒక్క సంగతి మాత్రం నేను మర్చిపోలేను. వాళ్లు దిగేటప్పుడు ఆడుండే మత్స్యకారులు చూసినారు, ఎవరు మీరని అడిగినారు, పోలీసులకి కూడా చెప్పినారు. పట్టించుకోలేదని అప్పట్లో పత్రికలు రాసినాయి. యుద్ధనౌకలున్న ఊరే గదా ముంబై!

తర్వాత ఏర్పాట్లు పెరిగినాయి. 2009లో తీర రక్షణ మొత్తం బాధ్యత నేవీకి అప్పగించినారు. మన రాష్ట్రంలో మెరైన్ పోలీస్ స్టేషన్లు తొలి దశలో 6 వచ్చినాయి, దుగరాజపట్నంలోది వాటిల్లో ఒకటి. రెండో దశలో ఇంకో 15. బోట్లకి రిజిస్ట్రేషన్, మత్స్యకారులకి బయోమెట్రిక్ కార్డులు. సాగర్ కవచ్ పేరుతో డ్రిల్లు కూడా చేస్తారు. ఒక జట్టు దొంగచాటుగా ఒడ్డు చేరాలని చూస్తాది, ఇంకో జట్టు పట్టుకోవాల.

ఈ పద్ధతికి ఒక తిప్పలుండాది. గెలిచినట్టు ఎవరికీ కనపడదు. ఏమీ జరగలేదంటే కాపలా వల్ల జరగలేదా, అసలు ఎవరూ రాలేదా? చెప్పలేం. అందుకే పదేళ్లు ప్రశాంతంగా గడిస్తే పెట్రోలింగ్ బోటుకి డీజిల్ కూడా దండగ ఖర్చులాగా అనిపిస్తాది.

ఇంకోటి, దీని బరువు మోసేది ఒడ్డునుండే జనం. శ్రీహరికోట కేంద్రం కోసం యానాది కుటుంబాలు దీవి వదలాల్సి వచ్చింది. ఇప్పుడు కార్డు చూపించాల్సిందీ, బోటు ఆపి వెతికితే నిలబడాల్సిందీ మనోళ్లే. తనిఖీ వద్దని నేను అనను. కానీ సముద్రం మీద కొత్త బోటుని ముందు కనిపెట్టేది రాడార్ కాదు, తెల్లారుజామున వల లాగే మనిషి. వాడిని దొంగని చూసినట్టు చూస్తే రేపు తేడా బోటు కనపడినా తల తిప్పుకుంటాడు. అప్పుడు స్టేషన్లు ఎన్నుంటే ఏంది?

తీర భద్రతకి 1093 అని నంబరుండాది. ఫోన్లలో దాచి పెట్టుకోండి, ఇంట్లో వేటకి పోయే నాయనకీ అన్నకీ చెప్పండి. మెరైన్ పోలీసులు ఊళ్లోకి మీటింగుకి వచ్చినప్పుడు ఒక్కటే అడగండి: మా ఊరి నుంచి ఫోన్ వస్తే ఎంతసేపట్లో బోటు తీస్తారు సార్?