తమిళంలో ఎదుగై, తెలుగులో ప్రాస: పద్యం చదవడానికి కావలసిన మాటలు



“తమిళ పద్యం ఎలాగో చదివేస్తాం గానీ, తెలుగులో యతి, ప్రాస అంటేనే భయం” అనే మాట మన పిల్లల నోట తరచూ వింటుంటాం. ఇంట్లో అడుగుదామంటే, తెలుగు చక్కగా మాట్లాడే అమ్మానాన్నల్లో చాలామందికి చదవడం, రాయడం రాదు. అందుకే ఈ చిన్న వివరణ. తమిళ క్లాసులో మీరు నేర్చుకున్నదే ఇక్కడ సగం పని చేస్తుంది. మిగతా సగానికి చెవి చాలు.

ఉదాహరణ కోసం మేమే కట్టిన రెండు పాదాలు ఇవి. పైకి చదవండి:

కడలి గాలికి కదలి మెల్లగ
పడవ సాగెను పక్షిలాగా

ప్రాస: పాదంలో రెండో అక్షరం ప్రాస స్థానం. పై రెండు పాదాల్లోనూ అక్కడ ‘డ’ ఉంది. ప్రాసలో హల్లు మారకూడదు, అచ్చు మారవచ్చు: డ, డి, డు ఏదైనా సరే. మొదటి పాదంలో మొదటి అక్షరం లఘువైతే అన్ని పాదాల్లోనూ లఘువే ఉండాలి, గురువైతే గురువే. తమిళంలో దీన్నే ఎదుగై అంటారు. ‘కడల్’, ‘పడగు’ అనే తమిళ మాటలు పలికి చూడండి. అదే సముద్రం, అదే పడవ, రెండో అక్షరం కూడా అదే!

యతి: పాదంలో మొదటి అక్షరానికి, అదే పాదంలో ముందుగా నిర్ణయించిన మరో చోట ఉండే అక్షరానికి స్నేహం కుదరాలి. పై పాదాల్లో ‘కడలి–కదలి’, ‘పడవ–పక్షి’ అలా కుదిరాయి. తమిళంలో దీనికి దగ్గరి చుట్టం మోనై. అచ్చుల జట్లు రెండు భాషల్లోనూ ఇవే: అ, ఆ, ఐ, ఔ ఒకటి, ఇ, ఈ, ఎ, ఏ ఒకటి, ఉ, ఊ, ఒ, ఓ ఒకటి. తేడా ఏమిటంటే, తెలుగులో ఏ పద్యానికి యతి ఎక్కడ రావాలో లెక్క ఉంది.

అంత్యప్రాస: పాదాల చివర ఒకే ధ్వని రావడం. తమిళంలో ఇయైబు. సినిమా పాటల్లో మీరు రోజూ వినేది ఇదే.

గురువు, లఘువు: ఇక్కడ మాత్రం తమిళంలోని నేర్, నిరై లెక్కను కలపకండి. దీర్ఘం, ఐ, ఔ, సున్న, విసర్గ, పొల్లు హల్లు ఉన్న అక్షరం గురువు. ఒత్తక్షరానికి ముందున్నదీ గురువే. మిగిలినవి లఘువులు.

గణం: మూడు అక్షరాల గణాలు ఎనిమిది. ‘యమాతారాజభానసలగం’ అని గుర్తు పెట్టుకుంటే చాలు. ఏ గణం కావాలో ఆ అక్షరం నుంచి మూడు చదవండి. మన ఊరి పేర్లతోనే చూద్దాం:

- మెరీనా: లఘువు, గురువు, గురువు – య గణం
- తాంబరం: గురువు, లఘువు, గురువు – ర గణం
- ఎగ్మూరు: గురువు, గురువు, లఘువు – త గణం
- ఆవడి: గురువు, లఘువు, లఘువు – భ గణం

పరీక్షలో తరచూ అడిగే వృత్తాలు (వ అంటే లఘువు, గురువు, గ అంటే ఒక గురువు):

- ఉత్పలమాల: భ ర న భ భ ర వ, యతి 10వ అక్షరం
- చంపకమాల: న జ భ జ జ జ ర, యతి 11
- శార్దూలం: మ స జ స త త గ, యతి 13
- మత్తేభం: స భ ర న మ య వ, యతి 14

వేమన పద్యంలో ప్రాస దొరకలేదని కంగారు పడొద్దు. ఆటవెలదికి, తేటగీతికి, సీసానికి ప్రాస నియమం లేదు.

అలంకారాలు (తమిళంలో అణి):

- ఉపమ (ఉవమై): “పడవ పక్షిలాగా సాగింది.” పోలిక పైకి కనిపిస్తుంది.
- రూపకం (ఉరువగం): “పడవ అనే పక్షి సాగింది.” రెండూ ఒకటే అన్నాం.
- ఉత్ప్రేక్ష (తర్కురిప్పేట్రం): “పడవను సాగనంపడానికా అన్నట్టు అలలు పరుగెత్తాయి.” అలలు మామూలుగానే కదిలాయి, కారణం మనం ఊహించాం.
- అతిశయోక్తి (ఉయర్వు నవిర్చి): “తెరచాప మబ్బుల్ని తాకింది.”

ఈ ఛందస్సును ఇంగ్లీషువాళ్ళకు వివరిస్తూ సి.పి. బ్రౌన్ రాసిన పుస్తకం 1827లో మన మద్రాసులోనే అచ్చయింది. అంటే ఈ చదువు మన ఊరికి కొత్తది కాదు.

తల్లిదండ్రులకు ఒక్క మాట. అక్షరాలు రాకపోయినా ఫరవాలేదు. రోజూ పిల్లల చేత ఒక పద్యం పైకి చదివించండి. “రెండో అక్షరం ఏమిటి? అది మళ్ళీ ఎక్కడ వినిపించింది?” అని అడగండి. పిల్లలూ, ఈసారి లోకల్ ట్రైను ఎక్కినప్పుడు స్టేషన్ల పేర్లకు గురులఘువులు గుర్తించండి. దిగేలోగా ఎనిమిది గణాల్లో ఎన్ని దొరికాయో మీ తెలుగు టీచరుకు చెప్పండి.