పానకంలో సారా

1632 సెప్టెంబరు 28న ఆడమ్స్ అనే ఆంగ్లేయుడు పెటపోలిలోని ఒక వర్తకుడికి రాసిన ఉత్తరంలో ‘పంచ్’ తాగడాన్ని గురించిన ప్రస్తావన ఉంది. ఆ పానీయం పేరు ఇంగ్లీషు రాతల్లో కనబడిన తొలి సందర్భాలలో ఒకటిగా చరిత్రకారులు దీన్ని చూపుతారు. పెటపోలి అంటే నేటి బాపట్ల జిల్లాలోని మన నిజాంపట్నమే. 1611లో గ్లోబు అనే ఓడ మీద వచ్చిన ఈస్టిండియా కంపెనీ వర్తకులు మచిలీపట్నం చేరడానికి ముందు అక్కడ ఆగారు.

పంచ్ అన్న మాట ‘ఐదు’ నుంచి వచ్చిందనీ, అందులో ఐదు దినుసులు ఉండడమే కారణమనీ 1698లో అచ్చయిన తన యాత్రాగ్రంథంలో జాన్ ఫ్రయర్ రాశాడు. పీపాకు ఇంగ్లీషులో ఉన్న ఒక పాత పేరే దీనికి మూలమని వాదించేవారూ ఉన్నారు. పంచాంగం, పంచామృతం ఎరిగిన మనకు ఫ్రయర్ మాటే సహజంగా తోస్తుంది. సారా, నిమ్మరసం, చక్కెర, నీరు, సుగంధ ద్రవ్యం: ఇవీ ఆ ఐదు. సారా తీసివేస్తే మిగిలేది దాదాపు మన పానకమే.

ఇంతకూ అది ఎంత ఘాటైన పానీయం? నన్ను ఈ లెక్కకు పురిగొల్పినది ఫ్రెంచి యాత్రికుడు బెర్నియే. 1670-71లో అచ్చయిన తన రచనలో ఆయన బెంగాల్లోని పంచ్‌ను వర్ణిస్తూ, రుచికి బాగానే ఉంటుంది గాని ఒంటికి మహమ్మారి అన్నాడు.

కరేబియన్ దీవుల్లో స్థిరపడిన పంచ్ సూత్రం ఇది: పులుపు ఒక పాలు, తీపి రెండు, సారా మూడు, నీరు నాలుగు. మొత్తం పది పాళ్లు. అంటే సారాలోని ఆల్కహాలు శాతాన్ని మూడుతో గుణించి పదితో భాగిస్తే చాలు. (నీరూ ఆల్కహాలూ కలిసినప్పుడు పరిమాణం స్వల్పంగా తగ్గుతుంది. ఆ తేడాను ఇక్కడ వదిలేస్తున్నాను.) 40 శాతం రమ్ముతో చేస్తే 12 శాతం, ఇంచుమించు ద్రాక్షసారాయంత. 57 శాతంతో చేస్తే 17.1. ఒక్కసారే కాచి దించిన 25 శాతం నాటుసారాతో చేస్తే 7.5 మాత్రమే.

ఇదే సూత్రంతో చేసిన 200 మిల్లీలీటర్ల గిన్నెలో ఒకచోట 15 మి.లీ., మరొకచోట 34 మి.లీ. స్వచ్ఛమైన ఆల్కహాలు ఉంటుందన్నమాట. పాళ్లు మారలేదు, మత్తు రెట్టింపు దాటింది.

పెటపోలి వర్తకుడికి ఈ తేడా తెలిసే మార్గమే లేదు. అప్పట్లో సారా బలాన్ని మంట పెట్టో, సీసా ఊపి నురగ చూసో అంచనా కట్టేవారు. తుపాకిమందును సారాతో తడిపి నిప్పంటించే పరీక్ష ఒకటి ప్రసిద్ధం: అంటుకుంటే సారా గట్టిది, లేకుంటే నీళ్లు కలిసినది. సైక్స్ తయారుచేసిన తేలుడు కొలమానాన్ని బ్రిటన్ 1816లో చట్టబద్ధం చేసింది. 51 డిగ్రీల ఫారన్‌హీట్ వద్ద, సమాన పరిమాణం గల నీటి బరువులో పదమూడింట పన్నెండు వంతులు తూగే సారా ప్రమాణమయింది. నేటి లెక్కలో అది 57.1 శాతం.

నాలుక ఈ కొలమానానికి ప్రత్యామ్నాయం కాలేదు. తీపీ పులుపూ కలిసి సారా మంటను కప్పేస్తాయి. ఆ పానీయం గొప్పతనమూ, ప్రమాదమూ అదే. బెర్నియే చెప్పిన రుచికీ మహమ్మారికీ మధ్య వైరుధ్యం లేదని నా అభిప్రాయం. రుచిగా ఉన్నందువల్లనే అది మహమ్మారి అయింది. కొత్త నేల జ్వరాలతో, ఎండలతో సతమతమయ్యే ఆ కొలువుకాండ్రు తాము తాగినది ఎంతో కొలవలేకనే తాగారు.

నేడు ప్రతి సీసా మీదా శాతం అచ్చు వేసి ఉంటుంది. మూడుతో గుణించి పదితో భాగించడానికి ఎంతసేపు పడుతుంది?